నాలుగో బిళ్ళ

తెల్లవారగానే ఆమె చేసే మొదటి పని వేళ్ళకు పరీక్ష పెట్టుకోవడం.

రెండు చిన్న స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో రెండు చెంచాల పెట్రోలు. రెండింటినీ పళ్ళెంలో పెట్టి, కళ్ళు మూసుకుని, పళ్ళేన్ని నేలమీద గిర్రున తిప్పేది. ఆగాక ఏ గిన్నె ఎటుపోయిందో ఆమెకే తెలియదు. అప్పుడు ఊపిరి బిగబట్టేది. వాసన పక్కనుండి జవాబు అందించేస్తుంది కదా, అందుకని. చూపుడు వేలు ఒక గిన్నెలో ముంచి పైకెత్తేది. నీళ్ళయితే ఆ చల్లదనం వేలిని పట్టుకుని కూర్చుంటుంది, లెమ్మన్నా లేవదు. పెట్రోలయితే చురుక్కున కొరికి, అయిదు లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది. "ఇది నీళ్ళు" అని పైకే చెప్పి కళ్ళు తెరిచి చూసుకునేది. పది వేళ్ళకీ పదిసార్లు. ఆ తర్వాతే దేవుడికి దండం, ఆ తర్వాతే టీ.

"కసాయివాడు కత్తి నూరుకుంటాడు, నేను వేళ్ళు నూరుకుంటాను. ఇందులో వింతేముంది?" అనేది ఎవరన్నా నవ్వితే.

ఆమెను మేమంతా నాలుగక్క అనేవాళ్ళం. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మా యార్డు గురించి చెప్పాలి.

మాది పాత బళ్ళని చంపే చోటు. జనాన్ని మోసి మోసి నడుము పడిపోయిన బస్సులు, ఎదురుగా వచ్చినదాన్ని గుద్ది మూతి పగిలిన కార్లు, సీటు కింద నెత్తురు ఎండి నల్లగా అట్టకట్టిన వ్యానులు, అన్నీ చివరికి మా గేటులోకే వస్తాయి. వచ్చినదానికి ముందు సుత్తులతో కళ్ళు పగలగొడతారు. తర్వాత కట్టరు, అంటే కోత పనివాడు, గ్యాసు మంటతో మెడా నడుమూ తెగ్గోస్తాడు. చివర్న ముక్కల మిషను. అది ఇల్లంత ఇనప పీపా. నోరు మాత్రం సన్నగా ఉంటుంది, లోపల వరసగా ఉక్కు పళ్ళు. బండిని ఉన్నపళంగా మింగలేదు. కట్టరు కోసి, చాపలా పరిచి, అంచు అందిస్తే లాక్కుంటుంది. ఇటు తలుపు పెడితే అటు అరచెయ్యంత ముక్కలు రాలతాయి. ఆ ముక్కలు కొలిమికి పోతాయి. మళ్ళీ ఏ బండికో తలుపై తిరుగుతాయి. ఆ మిషను తిరుగుతున్నంతసేపూ గేటు దగ్గర నా కుర్చీ వణుకుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని బళ్ళ నంబర్లు రాస్తున్నాను.

ఏది పడితే అది ఆ నోట్లో పడకుండా మాకో కట్టుబాటు ఉంది. రేకు బిళ్ళలు. అరచెయ్యంత ఉంటాయి, పైన కొక్కెం, కింద చిల్లు. బండికి ఒక్క బిళ్ళే వేలాడుతుంటే "దీన్ని పక్కకి జరపండి" అని అర్థం. ఒకదాని కింద ఒకటి గొలుసులాగా నాలుగు వేలాడితేనే కోత. మొదటి బిళ్ళ నాది. నంబరు సరిచూసి వేస్తాను, పొరపాటున ఎవరి బతుకుబండినో కోసెయ్యకుండా. రెండోది బ్యాటరీ తీసినవాడిది. మూడోది లోపలంతా వెతికినవాడిది. ఒకసారి వెనక సీటు కింద ఆరు కుక్కపిల్లలు దొరికాయి. ఇంకోసారి మా మేస్త్రీ బావమరిదే దొరికాడు, తాగి నిద్రపోతూ. నాలుగోది పెట్రోలు ట్యాంకు ఖాళీ అని తేల్చినవాళ్ళది. కట్టరు కోతకి ముందు ఆ గొలుసు విప్పి మేకుకి తగిలిస్తాడు. బండి నలుగుతుంది, బిళ్ళలు నలగవు. రేపు ఇంకో బండి చావుకి అవే పనికొస్తాయి.

నాలుగో బిళ్ళ ఆమెది. ట్యాంకులో పెట్రోలు వంపేశాక నీళ్ళుపోసి కడుగుతారు. కడిగాక అడుగున కాస్త తడి మిగులుతుంది. ఆ తడి నీళ్ళదా, పెట్రోలుదా? కంటికి రెండూ ఒకటే. ముక్కుని మా యార్డులో ఎవరూ నమ్మరు. అక్కడ గాలికి, మట్టికి, మనుషులకి, చివరికి టీకి కూడా పెట్రోలు వాసనే. కాబట్టి వేలే చెప్పాలి. ఆమె ట్యాంకులో వేలు ముంచి, ఎత్తి, అయిదు లెక్కపెట్టి, బిళ్ళ వేసేది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అంతకుముందు ఆమె ఆ యార్డుకి అన్నం గిన్నె పట్టుకుని వచ్చే మనిషి మాత్రమే. భర్త కట్టరు. ఒక మధ్యాహ్నం జాకీ జారి బస్సు ఆయన ఛాతీ మీద కూర్చుంది. మేము క్రేను తెచ్చి లేపేసరికి ఆయన నోట్లోంచి వచ్చింది మాట కాదు. ఆమె అక్కడే నిలబడి చూసింది. చేతిలో గిన్నె కింద పడలేదు. తర్వాత ఆ గిన్నెలో అన్నం మూడో బిళ్ళ వేసేవాడు తన చేత్తో ఆమెకి బలవంతంగా తినిపించాడు. "తిను తల్లీ, ఏడవడానికైనా ఓపిక కావాలి" అన్నాడు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

పిల్లలు లేరు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు ఒక్కడు. వాడిని అందరూ బక్కోడు అంటారు. బక్కోడు పెద్దయి, ఎన్ని తిట్టినా వినకుండా, బావ పట్టిన మంటే పట్టాడు. ఆమె వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఎనిమిదోరోజు వాడి చెవి మెలితిప్పి, "నా వేలు తగలని బండికి నువ్వు మంట పెట్టావంటే నీ చెయ్యి నేనే విరుస్తాను" అంది.

"నీ వేలు తగిలితే చాలా, నీ ఆశీర్వాదం కూడా ఉండాలా?" అన్నాడు వాడు చెవి రుద్దుకుంటూ.

"వేలే ఆశీర్వాదం, పో."

అలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఒక ఉదయం బకెట్టు ఎత్తబోతే ఆమె పక్కటెముక విరిగింది. దెబ్బలేదు, పడిందీ లేదు. ఎండు పుల్ల విరిచినట్టు ఫట్‌మని చప్పుడైందట. వారంలోగా దగ్గితే ఇంకోటి. ఆస్పత్రిలో ఫోటోలు తీస్తే ఎముకల నిండా చిల్లులు, చెదపట్టిన దూలంలాగా. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కూర్చోబెట్టి, జబ్బు పేరు చెప్పేముందు ఏం పని చేస్తావని అడిగింది. నాలుగక్క తన తీరులో బిళ్ళల సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది.

"నేను ఏళ్ళ తరబడి చదివింది నువ్వు రెండు నిమిషాల్లో చెప్పేశావు. నీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఇదే యార్డు ఉందమ్మా" అంది.

ఆ మాటలన్నీ మర్నాడు నాలుగక్క గేటు దగ్గర నిలబడి మాకు పూసగుచ్చినట్టు చెప్పింది, తను చూసొచ్చిన యుద్ధం గురించి చెబుతున్నట్టు.

కణం బతికేది ప్రొటీన్ల మీద. మోసే కూలీ, కోసే కత్తి, కాసే కాపలా, అన్నీ అవే. పూసల దండలా గుచ్చి, సరిగ్గా ముడిస్తేనే పనికొస్తాయి. కొన్ని పుట్టడమే వంకరముడిగా పుడతాయి. కొన్ని అరిగిపోతాయి. కొన్నిటికి ఒక్క గంటే పని, ఆ గంట దాటి బతికితే సొంత ఇంటికే చిచ్చు పెడతాయి. వాటిని చంపి తీరాలి. చంపాల్సినదాన్ని పసిగట్టి దానికి చిన్న బిళ్ళ తగిలించేవాళ్ళు కణంలోనే ఉన్నారు. బిళ్ళ కూడా ఒక చిట్టి ప్రొటీనే. ఒక్కటి తగిలిస్తే చాలావరకు పక్కకి జరపమనో, మరో చోటికి పంపమనో అర్థం. నాలుగైనా గొలుసు కడితే, ఇక దాని రాత రాసేసినట్టే. పీపాలాంటి మిషను దాన్ని పట్టుకుంటుంది. ముందు బిళ్ళలు విప్పి మళ్ళీ వాడటానికి వదిలేస్తుంది. తర్వాత దాని ముడి విప్పి, పేగులు లాగినట్టు దారంగా లాగి, సన్న నోట్లోకి తోసి, లోపల పళ్ళతో తెగ్గొడుతుంది. అటుపక్క రాలిన ముక్కల్ని ఇంకొన్ని కత్తెరలు విడి పూసలుగా నరుకుతాయి. ఆ పూసలతోనే కొత్త దండలు.

"మరి మిషను నోట్లో పట్టని పెద్ద తుక్కు?" అని అడిగిందట నాలుగక్క.

"దాన్ని సంచిలో చుట్టేస్తారు. ఆ సంచిని ఒక పుల్లటి తొట్టి వచ్చి కలుపుకుంటుంది. నిలువునా కరిగిపోతుంది."

"నాలో ఇంత చంపుడు జరుగుతోందా?"

"ఇప్పుడు మనం మాట్లాడుతుండగా కూడా. అది ఆగితే నువ్వు ఆగిపోతావు."

ఆమె మూలుగలో ఒక జాతి కణాలకి పిచ్చి పట్టిందట. ఒకే రకం ప్రొటీను ఆపకుండా తయారుచేసి తోసేస్తున్నాయి, పక్కనున్న ఎముక కరిగిపోయేలా చేస్తున్నాయి. అంత తయారీలో వంకర సరుకూ గుట్టలుగా పోగవుతుంది. వాటి మిషన్లు క్షణం ఆగకుండా తిరిగితేనే అవి బతుకుతాయి. డాక్టరమ్మ ఇచ్చే సూదిమందు వెళ్ళి ఆ మిషను పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. పళ్ళు ఆగుతాయి, తుక్కు పేరుకుంటుంది. ఆ కణాలు తమ తుక్కు కిందే నలిగి చస్తాయి.

"అంటే గునపం దూర్చి మిషను ఆపినట్టు" అంది నాలుగక్క.

"అంతే. మంచి కణాల మిషన్లూ కాస్త ఆగుతాయి. వాటి దగ్గర తుక్కు తక్కువ, ఓర్చుకుంటాయి. నరాలకే కష్టం. వేళ్ళ చివరిదాకా వెళ్ళే నరాలు మరీ పొడుగు. వేళ్ళు మొద్దుబారినట్టుంటే వెంటనే నాకు చెప్పాలి. మోతాదు తగ్గిస్తాను. దాచకూడదు."

"దాచడానికి నా దగ్గర ఏముంది డాక్టరమ్మా" అందట.

మాకు ఇదంతా చెప్పి చివర్లో నవ్వింది. "దానం చేసేవాళ్ళని చేతికి ఎముక లేదంటారు చూడు అన్నా, నాకు ఆ పేరు ఉత్తపుణ్యానికే వచ్చేస్తోంది" అంది నాతో. మేము నవ్వలేక నవ్వాం.

వారానికి రెండు సూదులు, పొట్ట చర్మం కింద. నర్సమ్మ దూది ముక్కని తన అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టి తుడిచేదట, చలికి ఉలిక్కిపడకుండా. రెండు నెలల్లో ఎముకల నొప్పి తగ్గింది. ముఖంలో కళ వచ్చింది. ఆ పిచ్చి కణాలు గుట్టలుగుట్టలుగా చస్తున్నాయని డాక్టరమ్మ కాగితం చూపించి చెప్పింది.

అప్పుడే ఒక ఉదయం పళ్ళెం తిప్పి, వేలు ముంచి, "నీళ్ళు" అంది. కళ్ళు తెరిచి చూస్తే పెట్రోలు.

మొదట పదిలో మూడు తప్పాయి. తర్వాతి వారం పదిలో ఆరు. వేళ్ళకి ఎవరో మందపాటి తోలు తొడిగినట్టు ఉండేదట. ఆమె ఊపిరి బిగబట్టడం మానేసింది. ఇంట్లో వాసన జవాబు అందించేది, పది వేళ్ళూ పాసయ్యేవి. "ముక్కు మాత్రం పరాయిదా, అదీ నాదేగా" అనుకుందట. ఈ మాట చాలా తర్వాత నాకు ఆమే చెప్పింది.

డాక్టరమ్మ ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ "ఏం లేదమ్మా" అనేది. నిజం చెబితే మందు తగ్గిస్తారు, తగ్గిస్తే ఆ కణాలు మళ్ళీ లేస్తాయని భయం. మేస్త్రీకి చెబితే బిళ్ళ లాక్కుంటాడు. లాక్కుని ట్యాంకులు కడిగేవాడికి ఇస్తాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు గానీ, పనిమీద ధ్యాస తక్కువ, కబుర్లెక్కువ. వాడి బిళ్ళ చూసి బక్కోడు మంట పెట్టాలి. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది ఆమె పరిస్థితి. ఒక పక్క తన ప్రాణం, ఇంకో పక్క తమ్ముడి ప్రాణం. రెండూ దక్కించుకోవాలని రెండు చోట్లా ఒకే అబద్ధం ఆడింది.

ఆ రోజు యార్డులో నీళ్ళ మోటారు కాలిపోయింది. ట్యాంకులు కడిగేవాడు ఒక పాత వ్యానులో పెట్రోలు వంపేసి, నీళ్ళు లేక కడగకుండానే పక్కన పెట్టాడు. "అక్క వేలుందిగా, తడుంటే అదే చెబుతుంది" అనుకున్నాడు. మేమంతా అలాగే అనుకునేవాళ్ళం. ఆ వేలి మీద యార్డంతా నిద్రపోయేది.

నాలుగక్క వచ్చి ట్యాంకులో వేలు ముంచింది. ఎత్తింది. అయిదు లెక్కపెట్టింది. మళ్ళీ ముంచింది. నేను గేటు దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆమె వేలు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ యార్డులో ముక్కు దగ్గరికి వేలు తీసుకెళ్ళిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు తేడాగా అనిపించింది. లేచి అడగాల్సింది. లేవలేదు.

బక్కోడు మంట గొట్టం భుజాన వేసుకుని, "ఏంటక్కా, బండికి పెళ్ళిచూపులా? నచ్చిందో లేదో చెప్పు, ఎండ మండిపోతోంది" అన్నాడు.

ఆమె బిళ్ళ వేసింది. వాడు నాలుగూ విప్పి మేకుకి తగిలించాడు. వంగి మంట పెట్టాడు.

చప్పుడు తర్వాత వినిపించింది, ముందు వెలుగే. వ్యాను కింద నుంచి నారింజరంగు గోడ లేచి వాడిని మింగేసింది. ట్యాంకు చీలిన రేకు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి నా కుర్చీ పక్కన గోడలో దిగింది. బక్కోడు మంటలోంచి నిలబడే బయటికొచ్చాడు. చొక్కా, జుట్టు, కుడిచెయ్యి అన్నీ వెలుగుతున్నాయి. వాడి నోరు తెరుచుకుని ఉంది గానీ అరుపు రాలేదు. నాలుగడుగులు పరిగెత్తి, వెనక్కి తిరిగి, మళ్ళీ మంట వైపే పరిగెత్తబోయాడు.

నాలుగక్క వాడి మీద పడింది. ఎముకలు చిల్లులుపడ్డ మనిషి, వాడిని నేలకేసి కొట్టి, మీద కూర్చుని, మండుతున్న చొక్కాని రెండు చేతులతో చీరేసింది. చొక్కాతోపాటు చర్మం కూడా తొక్కలా ఊడొచ్చింది. తన అరచేతులు బొబ్బలెక్కి పగులుతున్నా ఆపలేదు. మూడో బిళ్ళవాడు తడి గోనె తెచ్చి ఇద్దరి మీదా కప్పాక గానీ ఆమెని విడదీయలేకపోయాం. "నీ చేతులు కాలిపోయాయి తల్లీ" అని గోనె కప్పినవాడు ఏడుస్తుంటే, ఆమె తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది. వాటికి నొప్పి తెలియలేదు. తమ్ముడిని కాల్చిన ఆ మొద్దుతనమే వాడిని మంటలోంచి లాగింది. దేవుడి లెక్క నాకు అర్థం కాదు, అర్థమైనట్టు నటించను కూడా.

సాయంత్రంలోగా మిగతా కట్టర్లు ట్యాంకులు కడిగేవాడిని పట్టుకుని గొలుసుతో బాదారు. పళ్ళు రెండు ఊడి మట్టిలో పడ్డాయి. మేస్త్రీ అడ్డం పడకపోతే చంపేసేవాళ్ళు.

ఆస్పత్రి వరండాలోకి బక్కోడి భార్య వచ్చింది. ఆ పిల్ల బట్టల కార్ఖానాలో చొక్కాలకి కాజాలు కుడుతుంది. వేళ్ళకింకా తెల్లదారం పోగులు అంటుకునే ఉన్నాయి. నాలుగక్క బెంచీ మీద కూర్చుని ఉంది, చేతులకి కట్లు. ఆ పిల్ల ఎదురుగా నిలబడింది.

"వదినా, నువ్వు వేలు పెట్టావా?"

"పెట్టాను."

"తెలిసిందా?"

"తెలియలేదు."

"తెలియకుండా బిళ్ళ వేశావా?"

"వేశాను."

"ఎన్నాళ్ళ నుంచి తెలియట్లేదు?"

"మూడు వారాల నుంచి."

ఆ పిల్ల చెంపమీద కొట్టింది. తర్వాత పిడికిలితో. తర్వాత జుట్టు పట్టి బెంచీ మీంచి కిందికి ఈడ్చి, కాలితో డొక్కలో తన్నింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేనూ, వార్డు ఆయా పరిగెత్తి ఆ పిల్లని వెనక్కి లాగాం. నాలుగక్క నేలమీంచి, "వదిలెయ్ అన్నా, కొట్టనీ" అంది. నోట్లోంచి నెత్తురు కారుతోంది.

"నేను కూడా చూశానమ్మా. వాసన చూసుకోవడం చూశాను. లేచి అడగలేదు. నన్నూ కొట్టు" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. కొట్టలేదు. గోడకి జారి కూర్చుని, రెండు చేతులూ నోట్లో కుక్కుకుని అరిచింది. అప్పుడు ఆయా చేసిన పని చెప్పాలి. ఏమీ అడగకుండా నేలమీద నెత్తురు తుడిచి, ఆ చేతులు కడుక్కుని వచ్చి మరీ, ఆ పిల్ల పక్కన కూర్చుని వెన్ను నిమిరింది. తెల్లారేదాకా నిమురుతూనే ఉంది.

బక్కోడు పద్నాలుగు రోజులు చావుకీ బతుక్కీ మధ్య ఊగాడు. రోజూ పొద్దున వాడి మెడ మీద, చేతి మీద కాలిన తోలు గీకేవాళ్ళు. ఆ అరుపు రెండంతస్తులు దాటి ఆడవాళ్ళ వార్డులో నాలుగక్క మంచం దాకా వచ్చేది. ఆమె గోడకి చెవి ఆనించి వినేది. అరుపు వినిపించిందంటే వాడు బతికే ఉన్నాడని లెక్క. ఒకరోజు వినిపించలేదు. విరిగిన పక్కటెముకతోనే మెట్లెక్కి వెళ్ళింది. వాడు కళ్ళు తెరిచి, పగిలిన పెదాలతో, "బండి నచ్చలేదని ముందే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు. ఆమె మంచం పక్కనే కూలబడి ఏడ్చింది, భర్త పోయినప్పుడు ఏడవని ఏడుపు కూడా కలిపి.

ఆ సాయంత్రం డాక్టరమ్మకి నిజం చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. కట్టు విప్పిన ఆ చేతుల్ని తన ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసు కొనతో ఒక్కో వేలూ గుచ్చి చూసింది. పదింట్లో ఎనిమిదికి తెలియలేదు.

"మొదటి వారమే చెప్పుంటే వారానికి ఒక్క సూదికి మార్చేదాన్ని. మందు అప్పుడూ పనిచేసేది, వేళ్ళూ మిగిలేవి" అంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ మారుస్తాను. వేళ్ళు తిరిగి రావచ్చు. నెలలు పడుతుంది. పూర్తిగా రాకపోవచ్చు కూడా. నీ తమ్ముడి చర్మం కింద చూడు, కణాలు పాడైనదాన్ని చీల్చి, ముక్కలు చేసి, ఆ ముక్కలతోనే మళ్ళీ అల్లుతున్నాయి. వాటికి తొందర పెట్టకూడదు."

మూడు నెలల తర్వాత బక్కోడి చెయ్యి గొట్టం పట్టేంత వంగింది. మళ్ళీ కోతకే వెళ్తానన్నాడు. వాడికి ఇంకో పని రాదు. మేస్త్రీ నన్ను పిలిచి, "నాలుగో బిళ్ళ ఇంకా నాలుగక్క ఇంట్లోనే ఉంది. తీసుకురా. ట్యాంకులు కడిగేవాడికే ఇచ్చేద్దాం. దెబ్బలు తిన్నాడు, ఇకనుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి పొద్దెక్కలేదు. నాలుగక్క నేలమీద పళ్ళెం ముందు కూర్చుని ఉంది. మేకు మీద మంట సెగకి నల్లబడ్డ బిళ్ళ పక్కనే ఉంది. గుమ్మం దగ్గర బక్కోడి భార్య నిలబడి ఉంది. కొట్టిన రోజు తర్వాత ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో అన్నం డబ్బా ఉంది. అది ఇవ్వడానికే వచ్చినట్టు కాకుండా, ఇవ్వడానికి సాకు దొరికినట్టు పట్టుకుంది.

"వాడిని ఆపు వదినా. నువ్వు చెబితే వింటాడు."

"నేను చెబితే ఎప్పుడు విన్నాడే వాడు? బావ చచ్చినా వినలేదు, తను కాలినా వినలేదు."

"అయితే చూస్తూ కూర్చోమంటావా?"

నేను మేస్త్రీ మాట చెప్పాను, బిళ్ళ ఎవరికి పోతుందో కూడా. ఇద్దరూ నా వైపు చూశారు. నాలుగక్క బిళ్ళ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, నాకు ఇవ్వలేదు.

"అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో."

ఆ పిల్ల కదల్లేదు.

"కాజా కుట్టేటప్పుడు దారప్పోగు లేచిందని నీకెలా తెలుస్తుంది?"

"వేలికి తగులుతుంది."

"చూడక్కర్లేదా?"

"చూసేంత టైముంటుందా అక్కడ? వేలే చెప్పాలి."

నాలుగక్క రెండు గిన్నెలూ పళ్ళెంలో పెట్టింది. మచ్చలుపడ్డ, వంకరపోయిన వేళ్ళతో పళ్ళేన్ని గిర్రున తిప్పింది. గిన్నెలు తిరిగి తిరిగి ఆగాయి. ఇల్లంతా పెట్రోలు వాసన.

"నన్ను ఎంత కొట్టాలనుంటే అంత కొట్టు, దానికి అడ్డు రాను. నన్ను క్షమించమనీ అడగను. ఒక్క ఉపకారం చెయ్యి. రోజూ పొద్దున్నే వచ్చి ఈ పళ్ళెం ముందు కూర్చో. తిప్పేది నేను తిప్పుతాను. వేళ్ళు నీవి పెట్టు. పదికి పది సరిగ్గా చెప్పినరోజు ఈ బిళ్ళ నువ్వు తీసుకెళ్ళు. కళ్ళు మూసుకో తల్లీ, ఊపిరి బిగబట్టు. నాలాగా వాసన మాత్రం చూడకు."